గంట నొక్కితే పలికేదెవరు?

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 28వ సెక్షన్ లిఫ్టుల విషయంలో చాలా పట్టింపుగా మాట్లాడింది. నిర్మాణం గట్టిగా ఉండాలి. ఆరు నెలలకోసారి అర్హుడైన వ్యక్తి క్షుణ్ణంగా తనిఖీ చేయాలి, ఆ వివరం రిజిస్టరుకెక్కాలి. ఎంత బరువు మోయగలదో కనబడేలా రాయాలి. మనుషుల్ని మోసే లిఫ్టుకైతే కనీసం రెండు తాళ్ళు విడివిడిగా ఉండాలి, ఒక్కోటీ మొత్తం బరువును ఒంటరిగా మోయగలగాలి. తాళ్ళు తెగినా పెట్టె కింద పడకుండా పట్టుకునే ఏర్పాటుండాలి. ఇన్ని చెప్పిన ఆ సెక్షన్ ఒక్క సంగతి మాత్రం ఎత్తలేదు. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతే లోపలున్న మనిషి ఆ మాట బయటివాళ్ళకు ఎలా చేరవేయాలి?

చట్టం రాసిన రోజుల్లో లిఫ్టంటే దానికో లిఫ్ట్‌మన్, ఒక స్టూలు. ఆగితే ఏం చేయాలో అతనికి తెలిసేది, అతను కనబడకపోతే బయట ఎవరో ఒకరు వెతికేవారు. ఇప్పుడు స్టూలూ లేదు, మనిషీ లేడు. బటన్ల పలక మీద పసుపుపచ్చ గంట బొమ్మ మిగిలింది. పని స్థలాల్లో లిఫ్టు భద్రత గురించి ఎంత చర్చ జరిగినా చివరికి ఆ బొమ్మ దగ్గరికే రావాలి. దాన్ని నొక్కితే ఎక్కడ మోగుతుంది, ఎవరు పలుకుతారు, పలికినవాళ్ళు ఏం చేయగలరు?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వంటి ఊళ్ళకు ఈ ప్రశ్న కొత్తది. మూడూ 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోవి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యమున్న కర్మాగారం అది. హిందూపురానికి తూముకుంట పారిశ్రామికవాడ ఉంది, బెంగళూరు చేరువ ఉంది. ధర్మవరానికి పట్టుచీర ఉంది. కార్ల ఫ్యాక్టరీ నేల మీద అడ్డంగా పరుచుకుంటుంది కానీ దాని చుట్టూ తిరిగే డబ్బు ఊళ్ళో నిలువుగా లేస్తుంది. లాడ్జీలు, నర్సింగ్ హోములు, బ్యాంకు మీద కోచింగ్ సెంటరు, దాని మీద ఆడిటరు ఆఫీసు, కింద షోరూము పైన గోడౌను ఉన్న చీరల దుకాణాలు. నాలుగైదు అంతస్తుల మేడలివి. పెద్ద కర్మాగారంలో భద్రతా విభాగం ఉంటుంది, మూడు షిఫ్టుల్లోనూ గేటు దగ్గర మనుషులుంటారు. నా బెంగంతా ఈ నాలుగంతస్తుల మేడల గురించే.

ఇలాంటి మేడలో లిఫ్టు పలకను దగ్గరగా చూడండి. అంతస్తుల బటన్లు చేతివేళ్ళకు నునుపు తేలి ఉంటాయి. గంట బటను మాత్రం కొత్తగా మెరుస్తుంటుంది, ఎవరూ ముట్టరు గనుక. దాని కింద ఇంటర్‌కమ్ కోసం వదిలిన చిల్లుల పలక, లోపల స్పీకరు ఉండొచ్చు, లేకపోవచ్చు. పక్కన ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) కంపెనీ స్టిక్కరు, దాని మీద నంబరు సగం చెరిగి, ఇంకో నంబరు మార్కరు పెన్నుతో. ఆ రెండో నంబరు మెకానిక్‌ది. అతను ఉద్యోగం మారితే ఆ నంబరూ అతని వెంటే పోతుంది. మన ఊళ్ళలో లిఫ్టు అత్యవసర సమాచార వ్యవస్థ అంటే వాస్తవంలో ఆ మార్కరు గీతే.

ఆ బటను ఎలా ఉండాలన్న విషయంలో నేషనల్ బిల్డింగ్ కోడ్ లిఫ్టుల అధ్యాయం చాలాకాలంగా చెబుతూ వచ్చింది ఇది: లిఫ్టులోంచి నొక్కితే లిఫ్టు బావి బయటికి వినబడే గంట గానీ, లేకపోతే టెలిఫోను గానీ ఉండడం మంచిది. ఇందులో రెండు మెలికలున్నాయి. ఒకటి, ఇది సిఫారసు, ఆజ్ఞ కాదు. రెండోది, ‘గానీ’ అన్న చోట బిల్డరు చౌకైనదాన్నే ఎంచుకుంటాడు. గంట ఖర్చు వందల్లో పోతుంది. ఆ గంటకు కరెంటు బ్యాటరీ నుంచి గానీ ట్రాన్స్‌ఫార్మరు నుంచి గానీ ఇవ్వవచ్చన్నారు. కరెంటు పోయి లిఫ్టు ఆగినప్పుడు ట్రాన్స్‌ఫార్మరు మీద నడిచే గంట కూడా దానితోపాటే మూగబోతుందని వేరే చెప్పాలా?

2022లో భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 17900 తెచ్చింది. ఐరోపా ప్రమాణమైన ఈఎన్ 81-20 అడుగుజాడల్లో రాసినదది. ఆ దారిలో గంట చాలదు. లోపలి మనిషికి రక్షించేవాళ్ళతో రెండు వైపులా మాట్లాడుకునే వీలు ఎప్పుడూ ఉండాలి. కరెంటు పోయినా గంటసేపు వెలిగే అత్యవసర దీపం ఉండాలి. 30 మీటర్ల కంటే ఎక్కువ ఎత్తు ప్రయాణించే లిఫ్టులో పెట్టెకూ, రక్షణ పని జరిగే చోటికీ మధ్య ఇంటర్‌కమ్ ఉండాలి. ఐరోపా 1995 లోనే తన లిఫ్టుల ఆదేశంలో ఈ రెండువైపుల మాటను తప్పనిసరి చేసింది, 2014 ఆదేశంలో మళ్ళీ చెప్పింది. దీనికోసమే విడిగా ఈఎన్ 81-28 ఉంది. అందులో నాకు బాగా నచ్చిన నియమం, ఆ వ్యవస్థ మూడు రోజులకోసారైనా తనంతట తానే రక్షణ కేంద్రానికి ఫోను చేసి ‘పని చేస్తున్నాను’ అని చెప్పాలనడం. గంట మోగకపోవడం ప్రమాదం రోజున బయటపడకూడదని రాసినవాళ్ళు గ్రహించారన్నమాట. జర్మనీ ఇంకో అడుగు ముందుకేసి పాత లిఫ్టులను కూడా వదల్లేదు. 2020 డిసెంబరు 31 లోగా మనుషుల్ని మోసే ప్రతి లిఫ్టులోనూ రెండువైపుల మాట ఉండి తీరాలంది. మన దగ్గర మాత్రం ప్రమాణం ఒకటి, చట్టం ఒకటి. చట్టమో నియమమో పేరెత్తి కట్టడి చేస్తే తప్ప ఐఎస్ నంబరు తనంతట తాను ఎవరినీ కట్టిపడేయదు.

ఇంతకీ ఆగిపోయిన లిఫ్టులో ప్రమాదం ఏమిటి? చాలామంది ఊపిరాడదని భయపడతారు. అది నిజం కాదు. లిఫ్టు పెట్టెకు గాలి కోసం కంతలు వదులుతారు, బావిలో గాలి ఉంటుంది. కరెంటు లేక ఫ్యాను ఆగితే ఉక్కపోస్తుంది, చెమట పడుతుంది, బీపీ ఉన్నవాళ్ళకు కష్టమే, కానీ గాలి అయిపోదు. అసలు ప్రమాదం తలుపు తెరిచే ప్రయత్నంలో ఉంది. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగినప్పుడు కొంచెం బలం పెడితే తలుపు సందు కనబడుతుంది. కింది అంతస్తు గచ్చు మూడు నాలుగడుగుల కిందే ఉన్నట్టు కనిపిస్తుంది. మనిషి బయటికి దూకుతాడు, కాలు జారి వెనక్కి పడితే లిఫ్టు పెట్టె అడుగుకూ గచ్చుకూ మధ్య నోరు తెరుచుకున్న బావిలోకి పోతాడు. పెట్టె గడప కింద వేలాడే రేకును 75 సెంటీమీటర్లన్నా ఉంచాలని ఐరోపా ప్రమాణం పట్టుబట్టేది ఇందుకే. మధ్యలో లిఫ్టు కదిలితే ఇంకా ఘోరం.

అందుకే లిఫ్టులో ఫోను సౌకర్యం కాదు, ప్రాణరక్షణ పరికరం. స్పీకరులోంచి ఒక గొంతు ‘సార్, మీరు ఉన్నారని తెలిసింది, మనిషి బయలుదేరాడు, తలుపు ముట్టుకోవద్దు, కూర్చోండి’ అంటే చాలు, లోపలి మనిషి తలుపు మీద చెయ్యి తీస్తాడు. ఉత్త గంట ఆ పని చేయలేదు. గంటకు బదులు రాదు. పదిసార్లు నొక్కి బదులు రాకపోతే పదకొండోసారి మనిషి తలుపునే నొక్కుతాడు.

ఈ సంగతికి సాక్ష్యం కోసం దూరం పోనక్కరలేదు. 2024 జూలై 13, శనివారం. తిరువనంతపురం ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వైద్యం కోసం వచ్చిన 59 ఏళ్ళ మనిషి ఓపీ బ్లాకు లిఫ్టులో ఇరుక్కున్నాడు. అలారం నొక్కాడు. ఫోను చేతిలోంచి జారి పడి పాడైంది. ఆదివారమంతా ఆ లిఫ్టు వైపు ఎవరూ చూడలేదు. సోమవారం పొద్దున లిఫ్టు ఆపరేటరు వచ్చి తెరిచేదాకా, దాదాపు రెండు రోజులు, ఆయన అందులోనే ఉన్నాడు. ఉద్యోగులను సస్పెండ్ చేశారు, విచారణ వేశారు. కేరళలో లిఫ్టులకు 2013 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. చట్టముంటే చాలు అనుకునేవాళ్ళు ఈ తేదీలను గుర్తుపెట్టుకోవాలి.

1999 అక్టోబరులో న్యూయార్కులో నికొలస్ వైట్ అనే పత్రికా ఉద్యోగిది ఇంచుమించు ఇదే కథ. శుక్రవారం రాత్రి సిగరెట్టు కోసం కిందికి దిగి, తిరిగి ఆఫీసుకు ఎక్కుతుండగా మెగ్రా-హిల్ భవనంలో ఆయన లిఫ్టు ఆగింది. బయటపడింది 41 గంటల తర్వాత. లిఫ్టులో కెమెరా ఉంది. ఆయన నడవడం, పడుకోవడం, తలుపు తీయడానికి పెనుగులాడడం అంతా అందులో రికార్డయింది. గార్డుల ఎదుట తెరలున్నాయి, ఆ తెర వైపు చూసినవాడే లేడు. 2023 జూలైలో తాష్కెంట్‌లో డ్యూటీలో ఉన్న ఒక పోస్టు ఉద్యోగిని తొమ్మిదంతస్తుల మేడ లిఫ్టులో చిక్కుకుంది. మూడు రోజుల తర్వాత శవమై కనిపించింది. ఈ మూడింట్లోనూ తాడు తెగలేదు, పెట్టె పడలేదు. 28వ సెక్షన్ అడిగిన బలమంతా ఆ లిఫ్టుల్లో ఉండే ఉంటుంది.

మన రాష్ట్రాల్లో లిఫ్టు వార్తలు ఎక్కువగా ఇంకో రకం. 2023 మార్చిలో ఇబ్రహీంపట్నం నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో లిఫ్టు కూలి కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. 2025 మార్చిలో సిరిసిల్లలో పోలీసు బెటాలియన్ కమాండెంటు ఒకరు, లిఫ్టు వచ్చిందనుకుని అడుగేసి బావిలో పడి చనిపోయారు. అవి తాడుకూ తలుపుకూ సంబంధించినవి, వాటి గురించి గొడవ జరుగుతుంది, జరగాలి కూడా. ఇరుక్కుని అరగంట తర్వాత బయటపడ్డవాడి సంగతి పేపరుకెక్కదు, రిజిస్టరుకూ ఎక్కదు. అందుకే ఎంతమంది ఇరుక్కుంటున్నారో ఏ ఆఫీసులోనూ లెక్క తేలదు.

ఇక మన మూడు ఊళ్ళకే ప్రత్యేకమైన చిక్కు దూరం. హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్ల పైమాట. ధర్మవరం నుంచి అనంతపురం నలభై కిలోమీటర్ల చిల్లర. పెనుకొండ 44వ నంబరు హైవే మీద బెంగళూరు, అనంతపురాల మధ్యలో ఉంటుంది. పెద్ద కంపెనీ లిఫ్టయినా, బెంగళూరులో భాగాలు తెచ్చి బిగించిన లిఫ్టయినా మెకానిక్ బయటి ఊరి నుంచి రావలసిందే. నగరంలో ‘అరగంటలో వస్తాం’ అన్న మాటకు విలువుంది. ఇక్కడ ఆ అరగంటలో అతని బండి దారిలోని బాగేపల్లి కూడా దాటదు. కాబట్టి నగరం కోసం రాసుకున్న పద్ధతిని, అంటే కాల్ సెంటరుకు ఫోను పోతుంది, వాళ్ళు మెకానిక్‌ను పంపుతారన్నదాన్ని, ఇక్కడ యథాతథంగా దించుకుంటే పని జరగదు. ఇక్కడ మొదటి బదులు మేడలోంచే రావాలి. వాచ్‌మనో, రిసెప్షన్ అమ్మాయో, షోరూము మేనేజరో, శిక్షణ పొందిన ఇద్దరు మనుషులు ప్రతి షిఫ్టులోనూ ఉండాలి. మెయిన్ స్విచ్ ఆపాలని, మూడు మూలల తాళంచెవితో అంతస్తు తలుపు ఎప్పుడు తెరవొచ్చో, ఎప్పుడు ముట్టకూడదో వాళ్ళకు తెలియాలి. వాళ్ళ చేత కాకపోతే 112కో 101కో చేయాలి. ఫైరింజను మెకానిక్ కంటే ముందే వస్తుంది.

కరెంటు పోతే దగ్గరి అంతస్తుకు చేర్చే ఏఆర్‌డీ ఉంది కదా అని బిల్డర్లంటారు. మంచిదే, అది లేని లిఫ్టును కొనకూడదు కూడా. కానీ అది కరెంటు పోయినప్పుడే పనికొస్తుంది. తలుపు లాకు దగ్గరో, భద్రతా సర్క్యూట్‌లోనో లోపముంటే లిఫ్టును కదిలించకపోవడమే దాని ధర్మం. అలాంటప్పుడు మిగిలేది మళ్ళీ ఆ గంటే.

పరికరాల సంగతి చూస్తే, సిమ్ కార్డుతో పనిచేసే ఆటోడయలర్లు ఇప్పుడు బాగా వస్తున్నాయి. బటను మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే ముందే పెట్టిన నాలుగైదు నంబర్లకు వరసగా ఫోను చేస్తాయి. చిన్న ఊళ్ళకు ఇవి సరిగ్గా సరిపోతాయి, సిమ్ బతికుంటే. 90 రోజులపాటు కాల్, మెసేజ్, డేటా ఏదీ లేని ప్రీపెయిడ్ నంబరును, అందులో 20 రూపాయల నిల్వ కూడా లేకపోతే నిలిపివేయవచ్చన్నది ట్రాయ్ నియమం. ఆపద వస్తే తప్ప ఫోను చేయని సిమ్‌కు ఇంతకంటే గండం ఏముంటుంది? పైగా 2జీ మీద నడిచే డయలరులో జియో సిమ్ వేస్తే అది పుట్టుకతోనే మూగ, జియోకు 2జీ లేదు. సిమ్ బాగున్నా పెట్టె ఇనుపది, బావి కాంక్రీటుది, లోపల సిగ్నల్ గీతలుండవు. యాంటెన్నాను బావి పైకి తీసుకుపోవాలి. జేబులో సెల్లుంది కదా అనుకునేవాళ్ళకూ ఇదే జవాబు.

బ్యాటరీది ఇంకో కథ. మెషిన్ రూము మిద్దె మీద ఉంటుంది. అనంతపురం వైపు ఎండాకాలం మిద్దె మీది గది ఎలా ఉడుకుతుందో చెప్పనక్కరలేదు. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు వేడి పదేసి డిగ్రీలు పెరిగే కొద్దీ సగానికి సగం పడిపోతుంది. ఐదేళ్ళని రాసిన బ్యాటరీ ఇక్కడ రెండేళ్ళు ఆగితే గొప్ప. దాన్ని బిగించిన తేదీ పైన రాసిపెట్టిన మేడలు ఎన్ని ఉంటాయి?

బదులు చెప్పే గొంతు ఏ భాషలో ఉండాలన్నది హిందూపురంలో ఎవరినడిగినా చెబుతారు. బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ కలిసి నడుస్తాయి. ఫ్యాక్టరీల్లో హిందీ మాట్లాడే కూలీలు, ఒడియా కూలీలు. లిఫ్టులో స్టిక్కరు మాత్రం ఇంగ్లీషులో, కాల్ సెంటరు గొంతు ఇంగ్లీషు కలిసిన హిందీలో. భయపడ్డ మనిషికి సొంత భాష తప్ప ఇంకోటి ఎక్కదు. ఇక చెవులు వినబడనివాళ్ళకు ఏ భాషా పనిచేయదు. అందుకే ఈఎన్ 81-28 రెండు దీపాలు పెట్టమంది. కబురు వెళ్ళిందని పసుపు దీపం, అవతల మనిషి పలికాడని ఆకుపచ్చ దీపం. అమెరికా ప్రమాణం 2019 కూర్పులో అక్షరాలతోనూ వీడియోతోనూ మాట్లాడుకునే ఏర్పాటు కావాలంది. మనకు వీడియో దాకా పోకపోయినా ఫరవాలేదు. ఆ రెండు దీపాల ఖరీదు ఎంతని?

బాధ్యత ఎవరిదన్నదే అసలు ముడి. సరిహద్దు అవతల కర్ణాటకలో లిఫ్టులకు 1974 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. మన వైపు లిఫ్టు భద్రత భవన నిబంధనలు, అగ్నిమాపక చట్టం, ఫ్యాక్టరీల చట్టం మధ్య ముక్కలుగా చీలిపోయి ఉంటూ వచ్చింది. ఒక్కో ముక్కకూ ఒక గీత ఉంది. అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీకి వాణిజ్య భవనం 15 మీటర్లు దాటాలి, మన మేడలు చాలావరకు దాని కిందే సర్దుకుంటాయి. ఫ్యాక్టరీల చట్టం చీరల షోరూముకూ నర్సింగ్ హోముకూ వర్తించేది కాదు. 1988 నాటి దుకాణాల చట్టం ధ్యాసంతా పని గంటలు, సెలవులు, జీతాల మీద.

ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ ఇక్కడ ఒక తలుపు తెరిచింది, ఒకటి మూసింది. కరెంటు వాడే చోట పదిమంది కార్మికులుంటే ఫ్యాక్టరీ అనే లెక్క ఇరవైకి పెరిగింది. ధర్మవరం మరమగ్గాల షెడ్ల వంటి చిన్న యూనిట్లకు ఇది నష్టం. అయితే పదిమంది పనిచేసే ఏ వ్యాపారమైనా ‘సంస్థ’ కిందికి వచ్చింది. అంటే చీరల షోరూమూ, లాడ్జీ, ప్రైవేటు ఆసుపత్రీ కూడా. పని స్థలాన్ని ప్రమాదరహితంగా ఉంచే బాధ్యత యజమానిది. లిఫ్టుల వంటి వాటి వివరాలను కోడ్ ప్రమాణాలకూ నియమాలకూ వదిలిపెట్టింది. 28వ సెక్షన్ మరిచిపోయిన మాటను చేర్చడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. తాళ్ళ గురించి పాత మాటలే కాపీ కొట్టి ఊరుకుంటే మరో డెబ్బై ఏళ్ళు ఇంతే.

చేర్చవలసింది కూడా పెద్దగా లేదు. గంట కాదు, రెండువైపుల మాట. దానికి విడి బ్యాటరీ, బ్యాటరీ మీద తేదీ. నెలకోసారి నొక్కి చూసి, పలికిన మనిషి పేరు, పట్టిన నిమిషాలు ఆరు నెలల తనిఖీ రిజిస్టరులోనే రాయడం. మేడ మూసేముందు, ముఖ్యంగా శనివారం రాత్రి, లిఫ్టు కిందికి తెచ్చి తలుపు తీసి చూసి మెయిన్ ఆపడం. చివరిదానికి పైసా ఖర్చు లేదు, తిరువనంతపురంలో కావలసింది అదొక్కటే. సరుకు లిఫ్టులో మనుషులు ఎక్కకూడదని బోర్డు పెట్టి ఊరుకోవడం కంటే, ఎలాగూ బేళ్ళతోపాటు ఎక్కుతున్నారని ఒప్పుకుని అందులోనూ ఇదే ఏర్పాటు చేయడం మేలని నా అభిప్రాయం. ఇన్‌స్పెక్టర్లు ఒప్పుకోకపోవచ్చు.

మునిసిపాలిటీలు ట్రేడ్ లైసెన్సు రెన్యువల్ అప్పుడు ఈ రిజిస్టరు ఒక పేజీ జిరాక్సు అడిగితే మూడు ఊళ్ళలోనూ ఏడాదిలో మార్పు కనిపిస్తుంది. దానికి కొత్త చట్టం అక్కరలేదు, కమిషనరు పూనుకుంటే చాలు. ఈలోగా ఈ వ్యాసం చదివినవాళ్ళు చేయగలిగింది ఒకటుంది. మీ ఆఫీసులో, షోరూములో, ఆసుపత్రిలో వాచ్‌మన్‌కు ముందే చెప్పి, లిఫ్టు తలుపు తెరిచి ఉండగానే ఆ గంట బటను నొక్కండి. ఐదు నిమిషాల్లో ఎవరూ పలకకపోతే యజమానికి కాగితం మీద రాసివ్వండి, ఒక కాపీ దగ్గర పెట్టుకోండి.